నాలుగు మెట్టినిళ్ళు, ఒక పుట్టినిల్లు

కొన్ని సినిమాల్లో నాయిక కంటే ఆమె వెనకాల నిలబడ్డ మనిషి కథే బాగుంటుంది. దర్శకులు ఆ మనిషికి నాలుగు డైలాగులిచ్చి ఊరుకుంటారు. చూసే మనమూ ఊరుకుంటాం. నాకు మాత్రం అలాంటివాళ్ళు తెర మీద కనబడ్డప్పుడల్లా "ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?" అని ఆపి అడగాలనిపిస్తుంది.

2018లో 'మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్' అనే సినిమా వచ్చింది. స్కాట్లండ్ రాణి మేరీగా సెర్షా రోనన్, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌గా మార్గో రాబీ వేశారు. సినిమాకి గుండెకాయ లాంటి సీనొకటుంది. ఆరేసిన బట్టల చాటున రాణులిద్దరూ ఎదురుపడతారు. ఇద్దరూ పోటీపడి నటించారు. అంతా బాగానే ఉంది గాని, ఆ కలయిక చరిత్రలో జరగనే లేదు! ఆ రాణులిద్దరూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అదే సినిమాలో ఎలిజబెత్ కొలువులో ఒక చెలికత్తె కనిపిస్తుంది. జెమ్మా చాన్ వేసింది. పాత్ర పేరు బెస్ ఆఫ్ హార్డ్‌విక్. ఎలిజబెత్ అన్న పేరుకి బెస్ ముద్దుపేరు లెండి. తమాషా ఏమిటంటే, ఒక రాణి కొలువులో మసిలి, ఇంకో రాణి పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని కుట్లూ అల్లికలూ సాగించిన మనిషి నిజంగా ఈవిడే. హీరోయిన్లిద్దరూ కలవని కథలో ఇద్దరికీ తెలిసిన మనిషి ఈ సైడ్ కారెక్టరు!

ఈ వారం ఆవిడ కథ చెప్పుకుందాం. నాలుగు పెళ్ళిళ్ళ కథ. పెళ్ళిళ్ళ కథ అంటున్నాను గాని, అసలిది కాయితాల కథ. ఎందుకంటారా? చిత్తగించండి.

ఎవరి తాలూకు?

ఇంగ్లండు నడిబొడ్డున డార్బీషైర్ అనే జిల్లా ఉంది. అక్కడ హార్డ్‌విక్ అనే చోట ఒక మోతుబరి కుటుంబం. ప్రభువులు కారు, బిరుదులు లేవు. అలాగని అరక దున్నుకునే రైతులూ కారు. ఇలాంటి మధ్య మెట్టు వాళ్ళని ఇంగ్లీషు వాళ్ళు జెంట్రీ అంటారు. బెస్ పుట్టింది ఆ ఇంట్లో, 1527 ప్రాంతంలో. ఆమె పసిగుడ్డుగా ఉండగానే 1528లో తండ్రి జాన్ హార్డ్‌విక్ పోయాడు. వారసుడైన అన్న జేమ్స్ ఇంకా పాలబుగ్గల వాడు.

మన జమీందారీ కథలు చదివిన వాళ్ళకి 'కోర్ట్ ఆఫ్ వార్డ్స్' అన్న మాట తెలిసే ఉంటుంది. ఆ పద్ధతికి పుట్టినిల్లు ఇంగ్లండే. వారసుడు మైనరైతే భూమి మీద పెత్తనం రాజుగారిది. రాజుగారు ఆ పెత్తనాన్ని ఎవరికో అమ్ముకుంటారు. కొనుక్కున్న పెద్దమనిషి కుర్రాడికి 21 ఏళ్ళొచ్చేదాకా పంట తింటాడు. అంతటితో అయిపోయిందా? కుర్రాడి పెళ్ళి కూడా తనే కుదిర్చి ఆ సొమ్మూ వేసుకుంటాడు. హార్డ్‌విక్ వారి ఇల్లు ఆ చేతుల్లో పడింది. ఆడపిల్లలకి తండ్రి రాసిపెట్టిన కట్నం తలా 40 మార్కులు. పౌన్లలో చెప్పాలంటే 26 చిల్లర. ఈ అంకె గుర్తుంచుకోండి. తర్వాత పని పడుతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. ఆ రోజుల ఇంగ్లీషు చట్టంలో పెళ్ళయిన ఆడదానికి విడిగా ఉనికి లేదు. ఆమె తెచ్చిన డబ్బూ, నగానట్రా మొగుడివి. కోర్టుకెక్కాలన్నా అతని పేరు తోడుండాలి. మొగుడు పోతే మాత్రం అతని భూముల్లో మూడోవంతు రాబడి బతికున్నన్నాళ్ళూ ఆమెది. అంటే ఏమిటన్న మాట? కన్యగా ఉంటే తండ్రి మాట, ఇల్లాలిగా ఉంటే భర్త మాట. విధవరాలైతేనే ఆమె సంతకానికి విలువ! ఈ చట్టం సరిగ్గా మారడానికి 1882 దాకా పట్టింది. బెస్ కథంతా ఈ నాలుగు వాక్యాల మధ్య నడుస్తుంది.

మొదటి రీలు

ఇప్పుడు రీళ్ళూ లేవు, డబ్బాలూ లేవు. అయినా పాతకాలం వాణ్ణి, నాకు రీళ్ళలో చెబితేనే తృప్తి.

1543లో మొదటి పెళ్ళి. వరుడు రాబర్ట్ బార్లో, పక్క ఊరి మోతుబరి బిడ్డ. మీసం రాని కుర్రవాడు. 1544 క్రిస్మస్ ముందురోజున పోయాడు. కాపురమే జరిగి ఉండదని చరిత్రకారులు చాలామంది అంటారు. పదిహేడేళ్ళ పిల్ల విధవరాలైంది. మూడోవంతు ఇవ్వండి అంది. బార్లో వారి భూమి కూడా అప్పటికి పెత్తందార్ల చేతుల్లోకి పోయింది, ఎందుకంటే ఈసారి వారసుడు చనిపోయిన కుర్రాడి తమ్ముడు, వాడూ మైనరే. ఇవ్వం పొమ్మన్నారు. ఆ పిల్ల కోర్టుకెక్కింది. ఏళ్ళు పట్టినా తన వాటా రాబట్టుకుంది. మన సినిమాల్లో అయితే ఈ వయసులో డ్యూయెట్ పెడతారు. ఈవిడ దావా వేసింది.

రెండో రీలు

1547 ఆగస్టు 20. రాత్రి రెండు గంటల ముహూర్తం! వరుడు సర్ విలియం కావెండిష్. నలభై దాటినవాడు. రెండు పెళ్ళిళ్ళయి ఇద్దరు భార్యలూ పోయారు, ఆడపిల్లలున్నారు. రాజుగారి ఖజానాలో పెద్ద అధికారి. పెళ్ళి సమయం ఆయన తన చిట్టాపుస్తకంలో రాసుకున్నాడు కనక మనకి తెలిసింది. పెళ్ళి జరిగింది బ్రాడ్‌గేట్‌లో, గ్రే వారి కోటలో. గ్రే వారంటే ఎవరనుకున్నారు? తొమ్మిది రోజుల రాణిగా పేరుబడి 1554లో తల నరికించుకున్న లేడీ జేన్ గ్రే కన్నవారు. 1986లో వచ్చిన 'లేడీ జేన్' సినిమాలో హెలెనా బోనమ్ కార్టర్ వేసింది, ఆ పిల్ల. ఈ బ్రాడ్‌గేట్ అన్న పేరు కూడా ఒక మూల పెట్టుకోండి.

ఈ కాపురంలో ఎనిమిది మంది పిల్లలు పుట్టారు, ఆరుగురు దక్కారు. ఒక్కో బారసాలా ఒక్కో సిఫార్సు పత్రంలా జరిపించారు. పెద్దకొడుకు హెన్రీకి జ్ఞానమాత ఎలిజబెత్ రాకుమారి. 1553లో పుట్టిన చార్లెస్‌కి అప్పుడే గద్దెనెక్కిన మేరీ ట్యూడర్ రాణి! రాజ్యం ఎటు తిరిగినా ఒక ఉయ్యాల అటువైపు ఉంది.

కావెండిష్ దక్షిణాన ఉన్న భూములు అమ్మి, భార్య ఊరివైపు కొనడం మొదలెట్టాడు. 1549లో చాట్స్‌వర్త్ అనే ఎస్టేటు 600 పౌన్లకి కొన్నారు. ఎవరి పేర? ఇద్దరి పేరా! ఇదీ పాయింటు. జంట పేర్ల మీద ఉన్న ఆస్తి, ఒకరు పోతే రెండోవారికి నేరుగా వస్తుంది. పెత్తందార్లు వచ్చి ఇది మైనరు ఆస్తి అనడానికి వీల్లేదు. పుట్టింట్లో చిన్నప్పుడు చూసిన నాటకం తన పిల్లలకి జరక్కూడదనుకుంది. ఈ కట్టుదిట్టం అక్కరకొచ్చింది కూడా. 1557లో ఖజానా లెక్కల్లో 5 వేల పౌన్లకి పైగా తేడా కనబడింది. జవాబు చెప్పకుండానే ఆ అక్టోబరులో కావెండిష్ కన్నుమూశాడు. అప్పు పెళ్ళాం నెత్తిన పడింది. చుట్టూ ఆరుగురు పిల్లలు. చాట్స్‌వర్త్ అమ్మితే గొడవ వదిలిపోయేది. అమ్మలేదు.

మూడో రీలు

1559లో సర్ విలియం సెంట్ లో. ఎలిజబెత్ రాణి అంగరక్షక దళానికి నాయకుడు. రాణికి నమ్మిన బంటు. పాత బాకీ 1000 పౌన్లతో తెగ్గొట్టుకోవడం ఈ పెళ్ళి తర్వాతే సాధ్యమైంది. ఇంట్లో ఒకసారి విషప్రయోగం జరిగిందన్న గొడవ లేచింది. వేలు చూపించింది మరిది ఎడ్వర్డ్ మీద. చూపించింది ఎవరో కాదు, స్వయానా అతని కన్నతల్లే! 1565లో సెంట్ లో పోయాడు. వీలునామా విప్పి చూస్తే ఆస్తంతా పెళ్ళానికే. కూతుళ్ళకీ లేదు, తమ్ముడికీ లేదు. మరిది కోర్టుకెక్కాడు. కోర్టులు ఈవిడకి కొత్తా చెప్పండి?

నా మటుకు నాకు ఈ మూడో ఆయనే ఆవిణ్ణి మనసారా ప్రేమించినవాడనిపిస్తుంది. అయితే అటు కూతుళ్ళు కూడా ఉన్నారే, వాళ్ళ మాటేమిటి అని కూడా అనిపిస్తుంది. ఈ కథలో ఇలాంటివి ముందు ముందు ఇంకా ఉన్నాయి.

ఇంటర్వెల్!

నాలుగో రీలు: కుండమార్పిడి

1567లో నాలుగో పెళ్ళి. వరుడు జార్జ్ టాల్బట్, ష్రూస్‌బరీ ఎర్ల్. దేశంలోని మహా ధనవంతుల్లో ఒకడు. భార్య పోయింది, పిల్లలున్నారు. ఇప్పుడు బెస్ చేతిలోనూ ఆస్తి ఉంది. మాటలు జాగ్రత్తగా సాగాయి. 1568 ఫిబ్రవరి 9న షెఫీల్డులో రెండు పెళ్ళిళ్ళు ఒకే పందిట్లో జరిగాయి. పదిహేడేళ్ళ బెస్ కొడుకు హెన్రీకి, ఎర్ల్ కూతురు గ్రేస్‌నిచ్చారు. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళ బెస్ కూతురు మేరీని, ఎర్ల్ కొడుకు గిల్బర్ట్‌కిచ్చారు. మన వైపు కుండమార్పిడి అంటామే, అచ్చంగా అదే. పైగా ఇక్కడ వియ్యంకుడూ వియ్యపురాలూ మొగుడూ పెళ్ళాలు! గిల్బర్ట్ ఆవిడకి సవతి కొడుకు, అల్లుడు కూడా. ఆ పన్నెండేళ్ళ మేరీని మాత్రం మరిచిపోకండి. కథ చివర్లో ఆమె పాత్ర ఉంది.

ఏడాది తిరిగేసరికి ఇంటికి ఒక అతిథి వచ్చింది. 1569 ఫిబ్రవరిలో స్కాట్లండ్ రాణి మేరీని ష్రూస్‌బరీ కాపలాలో పెట్టింది ఎలిజబెత్ రాణి. పదిహేనేళ్ళ కాపలా! ఖైదీ అయినా రాణి కదా, పరివారం, వంటవాళ్ళు, గుర్రాలు అన్నీ ఉండాలి. ప్రభుత్వం వారానికి 52 పౌన్లిచ్చింది. 1575లో దాన్ని 30కి కోసేసింది. మిగతాది ఎర్ల్ చేతి చమురు. మొదట్లో ఆడవాళ్ళిద్దరూ సఖ్యంగానే ఉన్నారు. ఒకే గదిలో కూర్చుని ఏనుగులూ, చేపలూ, పక్షులూ పట్టుదారాలతో కుట్టారు. ఆ కుట్టుపని నార్‌ఫక్‌లోని ఆక్స్‌బర్గ్ హాల్లో నేటికీ ఉంది.

1572లో ఒక కాయితం పుట్టింది. పెళ్ళి ఒప్పందం ప్రకారం బెస్ కొడుకులకి ఎర్ల్ పెద్ద మొత్తాలివ్వాలి. చేతిలో రొక్కమాడలేదు. దానికి బదులుగా, ఆవిడ తెచ్చుకున్న భూములు ఆవిడ కొడుకులు విలియం, చార్లెస్‌ల పేర దానపత్రం రాసిచ్చేశాడు. సంతకం పెట్టినప్పుడు తేలిగ్గానే పెట్టి ఉంటాడు.

తర్వాత 1574. ఎర్ల్‌కి చెప్పకుండా బెస్ ఒక సంబంధం కుదిర్చింది. మేరీ రాణి రెండో మొగుడు డార్న్‌లీ అప్పటికే హత్యకి గురయ్యాడు. అతని తమ్ముడు చార్లెస్ స్టూఅర్ట్ తల్లితో ప్రయాణంలో ఉన్నాడు. దారిలో రఫర్డ్ అనే చోట మజిలీ. అక్కడికి బెస్ తన కూతురు ఎలిజబెత్‌ని తీసుకుని వెళ్ళింది. కొద్ది రోజుల్లో పిల్లా పిల్లాడూ ప్రేమలో పడ్డారు, పెళ్ళీ అయిపోయింది. ఆ కుర్రాడికి రెండు సింహాసనాలకీ దగ్గరి రక్తసంబంధం. అలాంటి వాళ్ళ పెళ్ళికి రాణి అనుమతి కావాలి. ఎవరూ అడగలేదు! ఎలిజబెత్ రాణి మండిపడింది. వరుడి తల్లిని లండన్ టవర్‌లో పెట్టించింది. చుట్టరికం ఎక్కడిదాకా వచ్చిందో చూశారా? అన్న భార్య మేరీ రాణి, తమ్ముడి భార్య బెస్ కూతురు. అంటే కాపలావారి అమ్మాయి, ఖైదీ రాణీ, తోడికోడళ్ళు!

1575లో ఆ దంపతులకొక ఆడపిల్ల పుట్టింది. పేరు ఆర్బెల్లా. మరుసటేడు తండ్రి పోయాడు. 1582లో తల్లీ పోయింది. పిల్ల అమ్మమ్మ చేతికొచ్చింది.

ఈలోగా నాలుగో కాపురం చెడింది. ఖర్చులు, అనుమానాలు, పుకార్లు. 1584లో ఎర్ల్ మనుషుల్ని వేసుకుని చాట్స్‌వర్త్ మీదికే వచ్చాడు. కొడుకు విలియం ఆయుధం పట్టుకుని గుమ్మంలో నిలబడి లోపలికి రానివ్వలేదు. దానపత్రం చెల్లదన్నాడు ఎర్ల్. రాణిగారు వేసిన పెద్దమనుషులు విచారించి, చెల్లుతుందన్నారు. 1590లో ఎర్ల్ పోయాడు. మళ్ళీ మూడోవంతు. ఈసారి మూడోవంతు అంటే మాటలు కాదు. ఇంగ్లండులో రాణి తర్వాత అంత సంపన్నురాలు లేదని చెప్పుకునే స్థితి.

పుట్టినిల్లు

వారసుడైన అన్న జేమ్స్ ఏమయ్యాడంటారా? అప్పులపాలై 1581లో జైల్లో పోయాడు. 1583లో పుట్టిల్లు బెస్ కొనేసింది. 9500 పౌన్లు! నలభై మార్కులు, 26 పౌన్ల చిల్లర కట్నం రాసిన తండ్రి ఇల్లు అది.

అక్కడ 1590లో కొత్త భవనం మొదలెట్టి 1597లో గృహప్రవేశం చేసింది. ఆవిడకి డెబ్భై ఏళ్ళు. కట్టినవాడు రాబర్ట్ స్మిత్‌సన్. ఎటు చూసినా నిలువెత్తు గాజు కిటికీలు. గాజు బంగారంలా చూసుకునే రోజులవి. బురుజుల నెత్తిన రాతిలో చెక్కిన అక్షరాలు ఇ, ఎస్. ఎలిజబెత్ ష్రూస్‌బరీ. మైళ్ళ దూరం నుంచి కనబడాలని ఆకాశంలో సంతకం పెట్టింది!

అలాగని దుబారా మనిషి కాదు. 1592లో 13 పెద్ద పెద్ద గోడ తెరలు కొంది. 326 పౌన్లు. వాటి మీద పాత యజమాని వంశచిహ్నం ఉంది, అది మార్పించుకోవాలి కదా అని 5 పౌన్లు బేరమాడి తగ్గించుకుంది. అవి ఇప్పటికీ ఆ గోడల మీదే ఉన్నాయి.

ఆ ఇల్లు మీలో చాలామంది చూసే ఉంటారు. 2010లో వచ్చిన హ్యారీ పాటర్ 'డెత్లీ హాలోస్' మొదటి భాగంలో మాల్‌ఫాయ్ వారి బంగళా బయటి రూపం హార్డ్‌విక్ హాలే. 2005 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో కీరా నైట్లీ నోరు తెరుచుకుని చూసే మహల్ చాట్స్‌వర్త్. అయితే ఇప్పుడున్నది ఆవిడ కట్టించిన కట్టడం కాదు. ఆవిడ ముని మనుమల కాలం తర్వాత, 1687లో తిరిగి కట్టడం మొదలెట్టారు.

కొడుకుల చిట్టా

1608 ఫిబ్రవరి 13న బెస్ పోయింది. డార్బీలో సమాధి. ఆ తర్వాత ఆవిడ కొడుకుల సంతతి ఎక్కడెక్కడికి పాకిందో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

రెండో కొడుకు విలియం 1618లో డెవన్‌షైర్ ఎర్ల్ అయ్యాడు. 1694లో ఆ వంశం డ్యూకులైంది. మూడో కొడుకు చార్లెస్ కుమారుడు న్యూకాజిల్ డ్యూక్. హైడ్రోజన్‌ని విడిగా పట్టుకున్న శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ రెండో డెవన్‌షైర్ డ్యూక్ మనుమడు. ఆరో డ్యూక్ తోటలో 1830ల్లో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ ఒక అరటిజాతి పెంచాడు. దానికి యజమాని ఇంటిపేరు పెట్టారు. అదే కావెండిష్ అరటి. అనంతపురం, కడప తోటల్లో పండి మన బళ్ళ మీదికొచ్చే జి-9 ఆ జాతిదే. ఆవిడ రెండో మొగుడి ఇంటిపేరు మనం డజన్లలెక్కన కొనుక్కుని తింటున్నామన్న మాట!

2008లో 'ది డచెస్' వచ్చింది కదా, అందులో కీరా నైట్లీ మొగుడుగా ర్యాల్ఫ్ ఫైన్స్ వేసిన మొండి మనిషి ఐదో డెవన్‌షైర్ డ్యూక్. మాల్‌ఫాయ్ బంగళాలో బల్ల దగ్గర కూర్చున్న వోల్డ్‌మార్ట్ కూడా ఆ ఫైన్సే. కాల్షీట్లు కలిశాయి, అంతే. ఆ ఐదో డ్యూక్ చెల్లెలు డొరొతీ. ఆమెని పోర్ట్‌లండ్ మూడో డ్యూక్‌కిచ్చారు. ఆమె కొడుకు ఎవరో తెలుసా? లార్డ్ విలియం బెంటింక్! 1803 నుంచి 1807 దాకా మద్రాసు గవర్నరు. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పుడు ఆయన ఏలుబడిలోవే. 1806 వెల్లూరు తిరుగుబాటు తర్వాత వెనక్కి పిలిపించేశారు. 1828లో గవర్నర్ జనరలుగా మళ్ళీ వచ్చాడు. 1829 డిసెంబరు 4న సతీసహగమనం నేరమని చట్టం చేశాడు. మరుసటేడు మద్రాసు రాజధానిలోనూ అది అమలుకొచ్చింది. రాజా రామమోహన రాయ్ వంటి వాళ్ళ పోరాటం లేనిదే అది వచ్చేది కాదు. రక్తంలో ఉంది అనే మాట నేననను. కాని విధవరాలైనప్పుడే మనిషిగా లెక్కకొచ్చిన ఆడమనిషి వంశంలో పుట్టినవాడు, విధవల్ని తగలబెట్టడం ఆపే కాయితం మీద సంతకం పెట్టాడంటే, నాకు ఒళ్ళు జలదరించింది.

బెంటింక్ తమ్ముడి మనుమరాలు సెసీలియా. ఆ సెసీలియా మనుమరాలే రెండో ఎలిజబెత్ రాణి. రఫర్డ్‌లో బెస్ కలగన్న సింహాసనం మీద ఆమె సంతతి 1952లో కూర్చుంది. ఇప్పటి మూడో చార్లెస్ రాజూ ఆ వంశాంకురమే.

కూతుళ్ళ చిట్టా

ఇదంతా కొడుకుల జమాఖర్చు. సినిమా అయితే ఇక్కడే శుభం కార్డు వేసేయొచ్చు. కాని నాకు నిద్ర పట్టనివ్వనిది రెండో చిట్టా.

ఆర్బెల్లాని అమ్మమ్మ హార్డ్‌విక్‌లో పెంచింది. మంచి చదువు చెప్పించింది. పిల్ల రాణి అవుతుందని ఆశ. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని తన పడకగదిలోనే పడుకోబెట్టుకునేది. ఇరవై దాటింది, ఇరవై ఐదు దాటింది. పెళ్ళి లేదు. అనుమతి ఇవ్వవలసిన రాణి ఇవ్వదు, అమ్మమ్మ వదలదు. ఇరవై ఏడేళ్ళ వయసులో, 1602 క్రిస్మస్ రోజుల్లో, ఆ పిల్ల తనంతట తానే సేమూర్ వారి అబ్బాయికి రహస్యంగా సంబంధం కబురు పంపింది. బయటపడిపోయింది. అమ్మమ్మ అగ్గిమీద గుగ్గిలమై, 1603 మార్చిలో వీలునామాలోంచి మనుమరాలి పేరు కొట్టేసింది. నలుగురు మొగుళ్ళ దగ్గరా కాయితాలు రాయించుకుని గట్టెక్కిన చేత్తోనే!

1610 జూన్‌లో ఆర్బెల్లా ఇంకో సేమూర్‌ని రహస్యంగా పెళ్ళాడింది. పేరు విలియం. తెల్లవారుజామున నాలుగింటికి, గ్రీనిచ్‌లో. ఈ అబ్బాయి నాయనమ్మ కేథరిన్ గ్రే, లేడీ జేన్ చెల్లెలు. బ్రాడ్‌గేట్ ఆడపడుచు. అమ్మమ్మ అర్ధరాత్రి పెళ్ళాడిన ఇంటి వంశమే! అమ్మమ్మ పెళ్ళికి ఎవరూ అడ్డు రాలేదు. మనుమరాలి పెళ్ళికి జేమ్స్ రాజు ఇద్దర్నీ చెరలో వేశాడు.

1611 జూన్‌లో ఆర్బెల్లా మగవేషం వేసింది. లాగూ, బూట్లు, విగ్గు, టోపీ పెట్టుకుని పారిపోయి ఓడెక్కింది. భర్త వేరే దారిన తప్పించుకున్నాడు. ఈమెని నడిసముద్రంలో పట్టుకున్నారు. లండన్ టవర్‌లో పెట్టారు. 1615 సెప్టెంబరు 25న అక్కడే పోయింది.

ఆమె పారిపోవడానికి డబ్బు సమకూర్చింది ఎవరు? పిన్ని మేరీ టాల్బట్. 1568లో షెఫీల్డు పందిట్లో పన్నెండేళ్ళకే కుండమార్పిడి కింద చేతులు మారిన పిల్ల. అప్పటికి యాభై అయిదేళ్ళ ఎర్ల్ భార్య. ఈ నేరానికి ఆమెనీ టవర్‌లో పెట్టారు.

బెస్ గురించి రాసినవాళ్ళు కొందరు గడసరి అంటారు, కొందరు గయ్యాళి అంటారు, ఈమధ్య మహా మేనేజరు అంటున్నారు. ఏదన్నా అనుకోండి. పదిహేడేళ్ళప్పుడు ఒంటరిగా కోర్టు మెట్లెక్కిన పిల్లంటే నాకు గౌరవమే. కాని సినిమా తీసే అవకాశమెవరికైనా వస్తే, ఆ తల్లి వేషానికి పెద్ద తారని పెట్టుకుని, రెండు సీన్లు మాత్రం ఆ మేరీకి ఉంచమంటాను. ఒకటి పన్నెండేళ్ళప్పుడు పెళ్ళిపీటల మీద. రెండోది, యాభై అయిదేళ్ళప్పుడు, అక్క కూతురి చేతిలో డబ్బుమూట పెడుతూ. డైలాగులు అక్కర్లేదు.

ఆ వేషానికి ఎవరు బాగుంటారో మీరే చెప్పండి. వచ్చేవారం కలుద్దాం.